1080పీ మానిటర్‌కి 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు చాలదా? 16 జీబీ తప్పదా?

పటమట కుర్రోడు:
అన్నలూ, ఒక పంచాయితీ తీర్చాలి. నా పీసీలో రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 550 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. మానిటర్ 24 అంగుళాల 1080పీ, 144 హెర్ట్జ్. పాత కార్డు జీటీఎక్స్ 1650 ఇక లాగలేకపోతోంది. బడ్జెట్ 40 వేలు, మహా అయితే ఇంకో రెండు మూడు వేలు నాన్నను బతిమాలుకుంటా. ఆడేది వాలరెంట్, జీటీఏ ఫైవ్. ఇక మీదట పెద్ద పెద్ద కథల గేములు కూడా ఆడాలని ఉంది. ఏలూరు రోడ్డులో ఒక షాపాయన 1080పీకి 8 జీబీ దండిగా సరిపోతుంది, ఆర్‌టీఎక్స్ 5060 పట్టుకెళ్లమన్నాడు. మా క్లాస్‌మేటేమో ఈ రోజుల్లో 8 జీబీ కొనడం శుద్ధ దండగ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బ్రాడీపేట నాలుగో లైన్:
షాపాయన చెప్పిందే కరెక్టు తమ్ముడూ. వాలరెంట్‌లో కార్డు మీద పెద్ద లోడే ఉండదు, అది ప్రాసెసర్ మీద నడిచే గేము. జీటీఏ ఫైవ్ పీసీకి వచ్చింది 2015లో. ఈ రెండింటికీ 16 జీబీ ఏం చేసుకుంటావు? స్టీమ్ సర్వే చూడు, సగం మందికి పైగా ఇంకా 1080పీలోనే ఆడుతున్నారు. కొత్త గేములో ఇబ్బంది వస్తే టెక్స్చర్లు (గోడలు, ముఖాల మీద అతికించే బొమ్మలు) ‘అల్ట్రా’ నుంచి ‘హై’కి దించు, అయిపోయె. పరిగెడుతూ కాల్చేటప్పుడు గోడ మీద ఇటుకలు ఎవడు లెక్కపెడతాడు? యూట్యూబ్‌లో భయపెట్టేవాళ్లంతా అన్నీ అల్ట్రాలో పెట్టి, పైన రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలా చూపించేది) కూడా వేసి టెస్టు చేస్తారు. మిగిలిన డబ్బుతో మంచి ఎస్‌ఎస్‌డీ వేసుకో.

మంగళగిరి మిడ్‌రేంజ్:
నాలుగో లైన్ బ్రో, అసలు చిక్కు మానిటర్‌లో లేదు, బోర్డులో ఉంది. కుర్రోడు బీ450 అని రాస్తే మీరెవరూ పట్టించుకోలేదు.

5060 గానీ, 5060 టీఐ గానీ స్లాటులో 16 లేన్లు (డేటా నడిచే దారులు) ఉన్నా 8 మాత్రమే వాడుకుంటాయి. కొత్త బోర్డుల్లో అది ఇబ్బంది కాదు. బీ450 మాత్రం పీసీఐఈ 3.0, అంటే స్లాటు పాత తరానిది. అందులో 8 లేన్లంటే సెకనుకు సుమారు 8 జీబీ. ఆ కార్డుల సొంత మెమరీ వేగం సెకనుకు 448 జీబీ. కార్డులో 8 జీబీ నిండనంతవరకు ఏమీ తెలీదు. నిండిందా, మిగతా డేటా సిస్టమ్ ర్యామ్‌లోకి పోతుంది, కావాల్సినప్పుడల్లా ఆ స్లాటు గుండానే వెనక్కి రావాలి. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ దిగిన బండ్లన్నీ ఒకేసారి ఒక సందులోకి దూరినట్టు ఉంటుంది. యావరేజ్ ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగానే చూపిస్తుంది, మూల తిరిగినప్పుడల్లా జర్క్ ఇస్తుంది.

కొన్ని గేములు జర్క్ ఇవ్వవు, అవి ఇంకాస్త తెలివైనవి. చెప్పాపెట్టకుండా టెక్స్చర్‌నే దించేస్తాయి. ఎదుటి పాత్ర ముఖం మసగ్గా అలుక్కుపోయి ఉంటుంది, నువ్వు ఆగి చూస్తే అప్పుడు కళ్లూ ముక్కూ తేలతాయి. ఎఫ్‌పీఎస్ గ్రాఫులో ఇది ఎక్కడా కనపడదు, అందుకే ‘మా 8 జీబీకి ఏమీ కాలేదు’ అనేవాళ్లు ఇంతమంది ఉన్నారు. అనుమానముంటే గేము నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరవండి. ‘డెడికేటెడ్’ మెమరీ నిండిపోయి ‘షేర్డ్’ పెరుగుతూ పోతుంటే అదే కథ.

ఇంకోటి. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో కొత్త ఫ్రేములు పుట్టించి చేర్చేది), రే ట్రేసింగ్ అని బాక్సు మీద పెద్దక్షరాలతో వేస్తారు కదా, ఆ రెండూ అదనంగా మెమరీని తినేవే.

నా ఓటు ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి. అది 16 లేన్లూ వాడుకుంటుంది. 2025 జూన్‌లో విడుదలైనప్పుడు 8 జీబీది 299 డాలర్లు, 16 జీబీది 349. 50 డాలర్లకు మెమరీ డబుల్.

బ్రాడీపేట నాలుగో లైన్:
ఆ డాలర్ల లెక్క అమెరికాలో. ఇక్కడ 18 శాతం జీఎస్టీ, డిస్ట్రిబ్యూటర్ మార్జిన్, ‘స్టాకు లేదు సార్, ఆఖరి పీసు’ అనే డైలాగు కలిపితే ఆ 50 ఎంతవుతుందో గవర్నర్‌పేటలో ఒక రౌండు వేసి చెప్పండి. పైగా అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మను పెద్దది చేసేది) చూస్తే, ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్నన్ని గేముల్లో ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 4 లేదు. 1080పీలో అప్‌స్కేలింగ్ క్వాలిటీ మోడ్ పెడితే గేము లోపల నడిచేది 720పీలో. అంత తక్కువ నుంచి బొమ్మను సాగదీసేటప్పుడు ఎవరి పద్ధతి బాగుందో కంటికి తెలుస్తుంది.

మంగళగిరి మిడ్‌రేంజ్:
గేముల సంఖ్యలో ఎన్విడియాదే పైచేయి, కాదనను. కానీ రిజల్యూషన్ తగ్గించినా టెక్స్చర్లు అంతే చోటు ఆక్రమిస్తాయి బ్రో. మెమరీ కష్టం డీఎల్‌ఎస్‌ఎస్‌తో పెద్దగా తీరదు.

అమరావతి రెండర్:
తమ్ముడు బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) గానీ, ఇంట్లో ఏఐ మోడల్స్ నడపడం గానీ నేర్చుకునేవాడైతే ఈ వాదనంతా వదిలేసి 5060 టీఐ 16 జీబీకి వెళ్లాలి. కుడా (ఎన్విడియా కార్డుల్లోనే ఉండే లెక్కల వ్యవస్థ) లేకపోతే అడుగడుగునా ఏదో ఒక సర్దుబాటు. బడ్జెట్ దాటుతుంది, అది వేరే సంగతి.

పటమట కుర్రోడు:
బీటెక్ సివిల్ అన్నా. గేములే. ఇంటెల్ ఆర్క్ బీ580 లో 12 జీబీ ఉంది, తక్కువకే వస్తోంది కదా, అది ఎలా?

మంగళగిరి మిడ్‌రేంజ్:
మంచి కార్డే, నీ పీసీకి కాదు. దాని డ్రైవర్ ప్రాసెసర్‌కి పని ఎక్కువ పెడుతుంది, 5600 లాంటి వాటితో కొన్ని గేముల్లో బాగా వెనకబడుతుంది. అది కూడా 8 లేన్లదే. వదిలెయ్.

గవర్నర్‌పేట రిపేర్లు:
మీరిద్దరూ ఎఫ్‌పీఎస్ గురించి కొట్టుకుంటున్నారు గానీ, ఆ అబ్బాయి దగ్గర యూపీఎస్ ఏముందో ఎవరైనా అడిగారా? మన ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది 600 వీఏ. అది మోసేది సాధారణంగా 360 వాట్లు. ప్రాసెసర్ 76 వాట్ల దాకా, కార్డు 160 నుంచి 180, ఫ్యాన్లు, డ్రైవ్‌లు, పవర్ సప్లైలో పోయేది, మానిటర్, అన్నీ కలిపితే 350 దగ్గరికి వస్తుంది. గేము ఆడుతుండగా కరెంటు పోతే అది ఓవర్‌లోడ్ అని అరిచి అక్కడికక్కడే ఆపేస్తుంది. జనం వచ్చి ‘కార్డు పాడైంది’ అంటారు. 1000 వీఏ పెట్టుకోండి.

ఇక ఎండలు. రివ్యూల్లో 22 డిగ్రీల గదిలో కార్డు 65 డిగ్రీలని చూపిస్తారు. మే నెలలో ఏసీ లేని బెజవాడ గది 39 ఉంటే అదే కార్డు 80 దాటుతుంది. ఒకే ఫ్యాను ఉన్న పొట్టి మోడల్ చవగ్గా ఉందని తీసుకోకండి, రెండు ఫ్యాన్లయినా ఉండాలి. కేబినెట్ ముందు భాగం అద్దంతో మూసేసి ఉంటే ఎన్ని ఫ్యాన్లున్నా ఒకటే.

నన్నడిగితే ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ సెకండ్ హ్యాండ్ కూడా చూడొచ్చు. 2021 నాటిది, వేగం తక్కువే, కానీ అది 16 లేన్ల కార్డు.

బ్రాడీపేట నాలుగో లైన్:
సెకండ్ హ్యాండా! 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ (కార్డులతో క్రిప్టో నాణేలు సంపాదించడం) ఆగిపోయాక బజార్లోకి వచ్చిన కార్డులు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి గురువుగారూ.

గవర్నర్‌పేట రిపేర్లు:
మైనింగ్ చేసిందల్లా చచ్చిన కార్డు కాదు. ఫ్యాన్లు అరుగుతాయి, థర్మల్ ప్యాడ్లు ఎండిపోతాయి, రెండూ మార్చుకోవచ్చు. స్క్రూ మీద వారంటీ స్టిక్కర్ చినిగిందా, వెనక నూనె మరకలున్నాయా చూసి, కళ్ల ముందు అరగంట లోడు మీద నడిపించమనండి. ‘అంత టైము లేదు’ అన్నాడంటే లేచి వచ్చేయండి. శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి కొనేవాళ్లకు కూడా ఇదే మాట చెబుతా. అక్కడ రేటు తగ్గొచ్చు, తేడా వస్తే మళ్లీ అంత దూరం వెళ్లాలి.

పటమట కుర్రోడు:
పాతది వద్దులెండి, ఇంట్లో ఒప్పుకోరు. 9060 ఎక్స్‌టీ 16 జీబీకే ఫిక్స్ అవుతున్నా. యూపీఎస్ 600 వీఏనే, దాని సంగతి వచ్చే నెల చూస్తా. 550 వాట్ల పవర్ సప్లై చాలుతుందా?

మంగళగిరి మిడ్‌రేంజ్:
పేరున్న కంపెనీదైతే చాలు. కేబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిందైతే ముందు దాన్ని మార్చు.

గవర్నర్‌పేట రిపేర్లు:
ఇంకో మాట బాబూ. 8 జీబీది, 16 జీబీది రెండూ ఒకే పేరుతో అమ్ముతారు, బాక్సులు కూడా ఒకేలా ఉంటాయి. బిల్లులో ‘9060 ఎక్స్‌టీ’ అని రాసి ఊరుకుంటే ఒప్పుకోవద్దు. 16 జీబీ అని, సీరియల్ నంబరుతో సహా రాయించు. ఆ నంబరు బాక్సు మీదా, కార్డు మీదా ఒకటేనా అని కౌంటర్ దగ్గరే చూసుకో.

బ్రాడీపేట నాలుగో లైన్:
వాలరెంట్‌కి 16 జీబీ! కానివ్వు తమ్ముడూ, నాన్నగారికి మాత్రం చదువుకే అని చెప్పకు.