పద్య నాటకాల నాన్నగారిని కబుకీకి తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: నిషికసాయి అమ్మాయి

మా నాన్నగారు వచ్చే నెల తెనాలి నుంచి టోక్యో వస్తున్నారు. గుడులు, కోటలు, ఫూజీ కొండ చూపిస్తానంటే "కొండలు మనకూ ఉన్నాయమ్మా, అక్కడ నాటకాలు ఆడతారా?" అని అడిగారు. ఆయన సంగతి కాస్త చెప్పాలి. ఉద్యోగం బ్యాంకులో చేశారు గానీ మనసంతా పద్య నాటకాల మీదే. ఎప్పుడూ వేషం కట్టలేదు. ముందు వరుసలో కూర్చుని, హార్మోనియం ఎక్కడ దారి తప్పిందో పట్టుకునే రకం. పద్యం నచ్చితే "వన్స్ మోర్" అని అరిచి కృష్ణుడి చేత మళ్లీ పాడిస్తారు. నచ్చకపోతే తువ్వాలు దులుపుకుని టీ తాగడానికి వెళ్లిపోతారు.

ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నా, జపాను సంప్రదాయ నాటకం కబుకీని నేను చూడలేదు. గింజాలో ఆ నాటకశాల ముందు నుంచి నడిచి వెళ్లడమే. నా జపనీస్ ఆఫీసు పనికి సరిపోతుంది. ఆ పాత నాటక భాష తమకే సరిగా అర్థం కాదని నా పక్క సీటు ఆవిడ అంటుంది. గంటల తరబడి తెలియని భాష, ఆయన మోకాళ్ల నొప్పి, పైగా ఊరుకోని నోరు. తీసుకెళ్లమంటారా?

జవాబు: యొకొహామా పాతకాపు

తప్పకుండా తీసుకెళ్లండి. అయితే రోజంతా వద్దు. మీరన్న గింజా నాటకశాల, అదే కబుకీజాలో, నాలుగో అంతస్తు సీట్లకు ఒక్క అంకానికే టికెట్టు దొరుకుతుంది, ధర కూడా తక్కువే. లిఫ్టు ఉంది. మీ నిషికసాయి నుంచి తోజాయి లైనులో కయబాచో వచ్చి హిబియా లైను మారితే మూడో స్టేషను హిగషి గింజా. నాటకశాల దాని నెత్తి మీదే ఉంటుంది. ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. ప్రేక్షకుల మధ్య నుంచి వేదిక మీదికి సాగే నడవా ఉంటుంది, హనమిచి అంటారు. పెద్ద పాత్రలు దాని మీదుగానే వస్తాయి. పై అంతస్తు నుంచి అందులో కొంత భాగమే కనిపిస్తుంది.

భాష గురించి బెంగ వద్దు. మీ నాన్నగారు రాయబారం చూడటానికి వెళ్లేది యుద్ధం జరుగుతుందో లేదో తెలుసుకోవడానికి కాదు కదా! ఇక్కడివాళ్లూ అంతే. కథ తెలిసే వస్తారు. నటుడు తల తిప్పి, కళ్లు ఉరిమి, బిగుసుకుని నిలబడే ఒక్క క్షణం కోసం కాచుకుంటారు. పక్కన ఒకతను రెండు చెక్కముక్కలతో పలక మీద టకటకా కొడతాడు. సరిగ్గా అప్పుడు పై సీట్ల నుంచి ఒక గొంతు "ఒతొవాయా!" అని అరుస్తుంది. అది నటుడి వంశానికి ఉన్న పేరు. మనవైపు ఇంటిపేరు పెట్టి మెచ్చుకోవడం లాంటిదే. మీ నాన్నగారు కూర్చోవలసింది ఆ పెద్దమనిషి పక్కనే.

ఆడవేషం ఉన్న అంకం ఎంచుకోండి. 1603 ప్రాంతంలో కబుకీని మొదలుపెట్టింది ఒకునీ అనే స్త్రీయే. 1629లో ప్రభుత్వం ఆడవాళ్లను వేదిక ఎక్కనివ్వలేదు, అప్పటి నుంచి మగవాళ్లే ఆ వేషాలు కడుతున్నారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసిన తరం అయితే ఆయనకు ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు. ఆడవేషాలకు పేరుపడ్డ బందో తమసబురో వేసే రోజు దొరికితే ఇంకేం కావాలి!

జవాబు: ఒసాకా ఒంటరి

నా ఓటు కబుకీకి కాదు, ఇక్కడి బొమ్మలాట బున్‌రాకుకి. ఒసాకాలో జాతీయ బున్‌రాకు నాటకశాల ఉంది. ముఖ్యమైన బొమ్మను ముగ్గురు కలిసి ఆడిస్తారు. తోలుబొమ్మలాటలోలా తెర వెనుక కాదు, మన కళ్లెదుటే. కానీ మీ నాన్నగారు చూడవలసింది బొమ్మలను కాదు, పక్కన కూర్చున్న గాయకుడిని. ఆటకు ముందు పుస్తకం రెండు చేతులా ఎత్తి నమస్కరిస్తాడు. తర్వాత ముసలివాడు, పసిపిల్ల, రాక్షసుడు అందరికీ గొంతు తనే. పక్కన షమిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయించే మనిషి ఒక్కడు. గొంతును బట్టి మనిషిని తూచే వారికి ఇదే సరైన చోటు. కబుకీలో పట్టుబట్టల మెరుపు ఎక్కువ. నా అభిప్రాయం ఇది, కోప్పడకండి.

జవాబు: యొకొహామా పాతకాపు

కోపం ఎందుకండీ! కానీ మోకాళ్ల నొప్పి మనిషిని ఒసాకా దాకా తిప్పుతారా? బొమ్మలాట నుంచి వచ్చిన కబుకీ నాటకాల్లోనూ ఆ గాయకుడు, షమిసెన్ ఉంటారు. అలాంటి అంకమే చూస్తే సరి. అమ్మాయి గారూ, ఒక్క మాట. "వన్స్ మోర్" మాత్రం వద్దని ముందే చెప్పండి. ఇక్కడ పాడిందే మళ్లీ పాడరు. అరిచేవాళ్లు కూడా ఏళ్ల తరబడి చూసి, ఏ క్షణాన నోరు తెరవాలో నేర్చుకున్నవాళ్లు. చప్పట్లకు అడ్డులేదు.

నిషికసాయి అమ్మాయి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫోనులో ఇదంతా చదివి వినిపించాను. మళ్లీ పాడరు అనగానే "అయితే మొదటిసారే బాగా పాడాలన్నమాట" అన్నారు. ఒసాకా సంగతి తర్వాత చూద్దామన్నారు గానీ, ఆ గాయకుడు నీళ్లు తాగకుండా ఎంతసేపు పాడతాడని రెండుసార్లు అడిగారు. కార్యక్రమం నెలనెలా మారుతుందట కదా. వచ్చే నెల ఏ అంకంలో గాయకుడూ, ఆడవేషమూ రెండూ ఉన్నాయో చూసినవాళ్లు చెప్పగలరా? పగటిపూట అయితే మంచిది. ఆయన రాత్రి ఎనిమిదికల్లా భోజనం చేయాలి.