డాకర్ వెళ్లే ముందు ఫ్రెంచ్ నేర్చుకోవాలా, వొలోఫ్ నేర్చుకోవాలా?

అందరికీ నమస్కారం. మాది కాకినాడ, బియ్యం ఎగుమతి చేసే ఆఫీసులో పని. మా రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు బియ్యం ఓడలు వెళ్తూనే ఉంటాయి, కానీ తినేవాళ్ల గురించి మాకు తెలిసింది చాలా తక్కువ. సంక్రాంతి దాటాక పని మీద సెనెగల్ వెళ్లి కొన్ని నెలలు డాకర్‌లో ఉండాలి.

అక్కడ అధికార భాష ఫ్రెంచ్. బజారులో, ఇళ్లలో ఎక్కువగా వినిపించేది మాత్రం వొలోఫ్. సెరేర్, పులార్, జోలా లాంటివి వేరే ఉన్నాయి. ఉన్న కొద్ది సమయంలో ముందు దేన్ని పట్టుకోవాలి? కాగితాల పనికి ఫ్రెంచ్ తప్పదు. కానీ మనుషులకు దగ్గరవ్వాలంటే వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే భాషే రావాలని నా నమ్మకం.

అంకెలే టెన్షన్ పెడుతున్నాయి. వొలోఫ్‌లో ఆరు అనడానికి ‘ఐదూ ఒకటి’, ఏడుకి ‘ఐదూ రెండు’ అంటారు. డబ్బు దగ్గర ఇంకో మెలిక: ధరను ఐదు ఫ్రాంకుల లెక్కన చెప్తారు. అంటే ‘ఇరవై’ అంటే ఇవ్వాల్సింది 100 సీఎఫ్‌ఏ ఫ్రాంకులు! అక్కడ ఉన్నవాళ్లు దీనికి ఎలా అలవాటు పడ్డారు? ఫ్రెంచ్‌లో అడిగితే మామూలు లెక్కే చెప్తారా?

దక్షిణాన కాసమాన్స్‌లోని జిగిన్షోర్ కూడా వెళ్లాల్సి రావచ్చు. అక్కడ జోలావాళ్లు ఎక్కువ కదా, వొలోఫ్‌తో నెట్టుకురావచ్చా?

విని నేర్చుకునే పాఠాలు ఎక్కడైనా దొరికితే చెప్పండి. పెద్దవాళ్లను ఎలా పలకరించాలి, పని మాటకు ముందు ఇంట్లోవాళ్ల క్షేమం ఎంతసేపు అడగాలి అన్నది తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాస్తే చాలా మేలు చేసినవాళ్లవుతారు.