చైనా హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు లిజనింగ్, రీడింగ్: ఎక్కడ తడబడతారు, ఏం చేయించాలి?

ప్రశ్న: చైనాలో సీనియర్ హైస్కూలు పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెబుతున్నాను. అక్కడి యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష, గావ్‌కావ్ రాయాలి. కాగితం మీద పదం చూస్తే అర్థం చెప్తారు. అదే ఆడియోలో వస్తే పట్టుకోలేరు. రీడింగ్‌లో చివరి పాసేజ్ దగ్గర ఆగిపోతారు. దేనితో మొదలుపెట్టాలండీ?

సమాధానం: ముందు ఏ పేపరో అడగండి. బీజింగ్, షాంఘై వాళ్ళవి వేరు. జాతీయ పేపరైతే 150 మార్కులు, 2 గంటలు. అందులో లిజనింగ్ 20 ప్రశ్నలు, 30 మార్కులు. మొదటి 5 చిన్న సంభాషణలు ఒక్కసారే వినిపిస్తారు, తర్వాతవన్నీ రెండేసి సార్లు. ఇంట్లో ప్రతిదీ నాలుగుసార్లు వినడం అలవాటైన పిల్లలు ఆ ఐదింటి దగ్గరే మార్కులు పోగొట్టుకుంటారు.

వినపడకపోవడానికి కారణం పదాలు రాకపోవడం కాదు. వాళ్ళ భాష మాండరిన్‌లో అక్షరం చివర న్, ంగ్, అక్కడక్కడా ర్ తప్ప వేరే హల్లు రాదు. కాలాన్ని బట్టి క్రియ రూపం కూడా మారదు. అందుకే ‘సెంట్’కీ ‘సెండ్’కీ, ‘వాక్’కీ ‘వాక్డ్’కీ తేడా వాళ్ళ చెవికి ఆనదు. పైగా ‘పిక్ ఇట్ అప్’ ఆడియోలో ‘పికిటప్’ అయిపోతుంది.

రోజూ 15 నిమిషాలు, 30 సెకన్ల ఆడియో ముక్క చాలు. ఒకసారి విని ప్రశ్నకు జవాబు పెట్టాలి. తర్వాత వాక్యం వాక్యంగా ఆపుతూ, ఒక్కోటి మూడుసార్లకు మించకుండా విని రాయాలి. అప్పుడే స్క్రిప్టు తెరిచి, తప్పిపోయినవి ఎర్రగా చుట్టాలి. ప్రతి తప్పు పక్కనా కారణం రాయించండి: పదం తెలియదా, తెలిసినా కలిసిపోయిందా, చివరి హల్లు పోయిందా? చివర్లో ఆడియోతో పాటు ఐదుసార్లు పలకాలి. స్క్రిప్టు ముందే చూస్తే ఈ శ్రమంతా వృథా, అప్పుడు పని చేసేది చెవి కాదు, కన్ను.

మరొకరు: అంకెలను విడిగా సాధన చేయించండి. ఆ పేపర్లో నమూనా ప్రశ్నే చొక్కా ధర: 19.15, 9.18, 9.15 పౌండ్లలో ఒకటి పట్టుకోవాలి. ‘థర్టీన్’లో రెండో భాగం సాగుతుంది, ‘థర్టీ’లో మొదటిది బరువుగా పడుతుంది. పెద్ద సంఖ్యలతో ఇంకో చిక్కు. చైనీస్‌లో పదివేలకు ‘వాన్’ అనే మాట ఉంది. మన లక్షలాగే అదీ ఇంగ్లీషు మూడేసి అంకెల విడుపుకి సరిపోదు. మనకు రెండున్నర లక్షలు, వాళ్ళకు 25 వాన్‌లు, ఇంగ్లీషులో 250 వేలు. మనసులో మార్చుకునేలోపు తర్వాతి వాక్యం వెళ్ళిపోతుంది. కాబట్టి విన్నది విన్నట్టు కామాలతో అంకెల్లో రాయడమే.

ఇంకొకరు: రీడింగ్‌లో తెలుగువాళ్ళుగా మీకో సౌకర్యం ఉంది. ‘ద డాక్టర్ హూ ట్రీటెడ్ ద ఫార్మర్స్ లివింగ్ నియర్ ద రివర్ లెఫ్ట్ ద విలేజ్’ అన్న వాక్యం చూడండి. మనం ‘నది దగ్గర ఉంటున్న రైతులకు వైద్యం చేసిన డాక్టరు’ అంటాం. చైనీస్ వరసా అదే: వర్ణనంతా ముందు, నామం చివర. ఇంగ్లీషు దాన్ని తిరగేసి నామం వెనక తగిలిస్తుంది. పిల్లలు ‘ట్రీటెడ్’నే అసలు క్రియ అనుకుని ‘లెఫ్ట్’ దగ్గర తికమకపడతారు. ‘హూ’, ‘విచ్’, ‘దట్’, ‘-ఇంగ్’ కనపడగానే అక్కడ బ్రాకెట్ తెరిపించండి. అసలు క్రియకు ముందు మూయించండి. బ్రాకెట్ వదిలేసి చదివితే ‘ద డాక్టర్ లెఫ్ట్ ద విలేజ్’ మిగులుతుంది. చివరి పాసేజ్‌లో కష్టం చాలావరకు ఇలాంటి వాక్యాలదే. రోజుకు ఐదు చేయిస్తే చాలు, పాసేజ్ మొత్తం అనువాదం వద్దు.

ఏడు వాక్యాల్లో ఐదు ఎంచి ఖాళీలు నింపే విభాగం 12.5 మార్కులు. అక్కడ ఖాళీకి ముందు, వెనక వాక్యాలే ఆధారం. ‘దిస్’, ‘దే’ ఎవరిని సూచిస్తున్నాయో, ‘హవెవర్’ దేనికి ఎదురో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే ఆ జవాబు ఊహే.

ప్రశ్న: చైనీస్ సబ్‌టైటిళ్ళతో వీడియోలు చూపించవచ్చా?

సమాధానం: సరదాకైతే సరే, లిజనింగ్ సాధనగా వద్దు. మొదట సబ్‌టైటిళ్ళు లేకుండా రెండుసార్లు, మూడోసారి ఇంగ్లీషువి పెట్టండి. నిడివి రెండు నిమిషాలు దాటనివ్వకండి.