పి0133 వస్తే సెన్సార్ డైరెక్ట్‌గా మార్చేయడమేనా, టెస్ట్ చేయాలా?

బెజవాడ_పెట్రోల్
2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్ష కిలోమీటర్లు దాటింది. ఇంజన్ లైట్ వెలిగితే బ్లూటూత్ స్కానర్ పెట్టి చూశా, పి0133. అంటే పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ముందున్న ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) స్లోగా ఉందని. కోడ్ క్లియర్ చేస్తే నాలుగు రోజులు బానే ఉండి మళ్లీ వస్తోంది, మైలేజ్ కూడా తగ్గినట్టుంది. సర్వీస్ సెంటర్‌లో బానెట్ కూడా తియ్యకుండా సెన్సార్ మార్చాలి ఆరు వేలు అవుద్ది అన్నారు. మార్పించేయనా?

ఆటోనగర్_బాబాయ్
మార్చెయ్ తమ్ముడూ, లక్ష దాటిన సెన్సార్‌కి ఇంకా టెస్టులేంటి. షెడ్‌లో గంటసేపు చెక్ చేసి దానికి డబ్బులడిగితే ఒక్కడూ ఇవ్వడు, అదే పార్ట్ వేస్తే నోరెత్తకుండా ఇస్తాడు. మంచి కంపెనీ సెన్సారే బయట ఇంకా తక్కువకి దొరుకుద్ది, నీ కారు సాకెట్‌లో నేరుగా సరిపోయేదే తీసుకో, వైర్లు కోసి అతికించే రకం వద్దు.

స్కోప్_శీను
బాబాయ్ గారూ, వైర్ల సంగతి కరెక్ట్, మిగతాది ఒప్పుకోను. కోడ్ చెప్పేది సిగ్నల్ మెల్లగా మారుతోందని మాత్రమే, సెన్సార్ చచ్చిందని కాదు. సెన్సార్ కంటే ముందు ఎక్కడన్నా ఎగ్జాస్ట్ లీక్ ఉంటే బయటి గాలి లోపలికి లాగుతుంది, అప్పుడు కొత్త సెన్సార్ పెట్టినా అదే కోడ్. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి పైపు) దగ్గర టిక్ టిక్ సౌండ్ వస్తోందా, జాయింట్ దగ్గర నల్లటి మసి ఉందా చూడండి, దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి స్కానర్‌లో లైవ్ డేటా పెట్టండి. ఎక్కువ కార్లలో ఉండే మామూలు జిర్కోనియా రకం సెన్సార్ అయితే ఓల్టేజ్ 0.1 నుంచి 0.9 ఓల్టుల మధ్య ఊగుతూ ఉండాలి. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే 0.8 పైకి ఎగరాలి, వదిలేస్తే ఫ్యూయల్ కట్ అయ్యి దాదాపు సున్నాకి పడిపోవాలి. మంచి సెన్సార్ ఆ దూకుడు 100 మిల్లీసెకన్ల లోపే దూకుతుంది. కాకపోతే మీ దగ్గరున్నలాంటి చవక బ్లూటూత్ స్కానర్ (ఈఎల్ఎం327 రకం) అంత స్పీడ్‌గా డేటా తీసుకోలేదు, పది ఐటమ్స్ ఒకేసారి ఓపెన్ చేసి గ్రాఫ్ మెల్లగా ఉందంటే ఆ తప్పు స్కానర్‌ది. సెన్సార్ ఓల్టేజ్ ఒక్కటే పెట్టుకోండి, మరీ బద్ధకంగా ఉంటే దాంట్లోనే కనిపిస్తుంది, అనుమానంగా ఉంటే స్కోప్ (సిగ్నల్‌ని గీతగా చూపించే ఆసిల్లోస్కోప్) ఉన్నోళ్ల దగ్గరికి పోవాలి. కొన్ని కార్లలో వైడ్‌బ్యాండ్ అనే వేరే రకం సెన్సార్ ఉంటుంది, దానికి ఈ 0.1, 0.9 లెక్క వర్తించదు.

ఓరుగల్లు_రైడర్
అన్నా ఇదంతా ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) పుణ్యం, నాకు తెల్సి. ఇంకోటి, సెన్సార్ ఇప్పి పెట్రోల్ల నానబెడితే సాఫ్ అయితదట, యూట్యూబ్‌ల చూసిన. మళ్ల పొల్యూషన్ చెకింగ్ పాసైతే సెన్సార్ మంచిగున్నట్టే గదా?

స్కోప్_శీను
రైడర్ బ్రో, ఇథనాల్‌కి గాలి తక్కువ చాలు, అందుకే ఈ20 పోస్తే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ఇంకొంచెం ఎక్కువ ఇంధనం పోస్తుంది, ఆ సర్దుబాటు లెక్క (ఫ్యూయల్ ట్రిమ్) ప్లస్ వైపు పోతుంది. అది వేరే చర్చ, దాంతో సెన్సార్ స్లో అవ్వదు. నానబెట్టడం శుద్ధ దండగ. నల్ల కార్బన్ అయితే వేడికి అదే కాలిపోతుంది, తెల్లటి సిలికా పొర పట్టిందా పెట్రోల్ కాదు కదా ఏదీ తియ్యలేదు. ఇక పొల్యూషన్ టెస్ట్ ఆర్‌పీఎం (ఇంజన్ స్పీడ్) కదలకుండా నిలకడగా పెట్టి చేస్తారు, స్లో సెన్సార్ ఉన్నా దాంట్లో పాసైపోవచ్చు.

బెజవాడ_పెట్రోల్
చూశాను శీను గారూ. సౌండ్ లేదు, మసి లేదు. ఓల్టేజ్ ఒక్కటే పెట్టి తొక్కితే పైకి టక్కున పోతోంది, వదిలితే మాత్రం ఈడుస్తూ ఈడుస్తూ కిందకి వస్తోంది, సెకను పైనే పడుతోంది. సెన్సార్ విప్పిస్తే మూతి మీద తెల్లగా సున్నం పూసినట్టుంది.

ఆటోనగర్_బాబాయ్
చెప్పానా లేదా 😄 ఇంత టెస్ట్ చేసి చివరికి మార్చడమేగా!

స్కోప్_శీను
మార్చాల్సిందే, కానీ బాబాయ్ గారూ ఆ తెలుపు ఎక్కడినుంచి వచ్చిందో చూడకుండా కొత్తది పెడితే అదీ అలాగే పోతుంది. ఒకటి, కూలెంట్ సిలిండర్‌లోకి లీక్ అవుతూ ఉండొచ్చు, అప్పుడు కూలెంట్ ట్యాంక్‌లో లెవెల్ తగ్గుతుంది. రెండోది ఇంజన్ జాయింట్లు లీక్ అవ్వకుండా పూసే సిలికాన్ గమ్. ఈ మధ్య ఇంజన్ మీద పని ఏమైనా చేయించారా?

బెజవాడ_పెట్రోల్
కూలెంట్ లెవెల్ తగ్గట్లేదు. ఆయిల్ కారుతోందని వాల్వ్ కవర్ ప్యాకింగ్ మార్పించా, గమ్ బాగా దట్టించి బిగించారు.

స్కోప్_శీను
అయితే నా అనుమానం దాని మీదే. మామూలు సిలికాన్ గమ్ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పీసీవీ పైపులోంచి (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇంజన్‌కే పంపే గొట్టం) ఇన్‌టేక్‌లోకి పోయి, కాలి, సెన్సార్ మీద సిలికాగా పేరుకుంటుంది. కవర్ విప్పి ఆ గమ్ మొత్తం గీకించి, ప్యాకెట్ మీద సెన్సార్ సేఫ్ అని రాసున్నది తెచ్చి మీరే ఇవ్వండి, అదీ కంపెనీ చెప్పిన మూలల్లో మాత్రమే కొంచెం పెట్టాలి.

ఆటోనగర్_బాబాయ్
గమ్ సంగతి నిజమే, మా కుర్రాళ్లు కూడా ట్యూబ్ మొత్తం పిండేస్తారు. ఆ పని అయ్యాకే కొత్త సెన్సార్ పెట్టించు. మర మీద గ్రీజు చాలావాటికి ముందే రాసి వస్తది, అలా ఉంటే ఇంకా రాయనివ్వకు, మూతికి అసలు తగలనివ్వకు.

ఓరుగల్లు_రైడర్
మరి ఆ సర్వీస్ సెంటరోళ్లు చూడకుండనే కరెక్టే చెప్పిన్రు గదా అన్నా?

స్కోప్_శీను
పార్ట్ పేరు కరెక్టే. వాళ్ల మాట విని పెట్టించి ఉంటే గమ్ అలాగే ఉండేది, ఇంకో ఆరు వేలకి మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాల్సొచ్చేది.