కారణాంకం చూపకుండా సంయుక్త సంఖ్య అనొచ్చా?

పాలకొండ మేష్టారు:
2 పవర్ 67లో ఒకటి తీసేస్తే 147573952589676412927. దీన్ని 1644లో మెర్సెన్ ప్రధాన సంఖ్యల జాబితాలో వేశాడు. 1876లో లూకాస్ కాదని తేల్చాడు గానీ ఒక్క కారణాంకమూ చూపలేదు. 1903లో న్యూయార్క్‌లో, అమెరికా గణిత సంఘం సమావేశంలో కోల్ 193707721 × 761838257287 అని బోర్డు మీద గుణించి చూపాడు. నేను తొమ్మిదో తరగతిలో కోల్ తేల్చాడని చెప్తే, ఒకమ్మాయి లేచి "లూకాస్ కదా మేష్టారూ" అంది. నా మటుకు చూపించిందే రుజువు. మీరేటంటారు?

బొబ్బిలి లెక్కలు:
ఆ అమ్మాయిదే రైటు మేష్టారూ. 91 తీసుకోండి. ఏడు, పదమూడు కాసేపు మర్చిపోండి. 2 పవర్ 12 అంటే 4096, 91తో భాగిస్తే శేషం 1. అంచేత 2 పవర్ 90కి వచ్చే శేషం 2 పవర్ 6దే, అంటే 64. 91 ప్రధాన సంఖ్యయితే ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 1 రావాలి. రాలేదు. ఇంక కారణాంకంతో పనేటి? లూకాస్ పద్ధతి వేరు, తీరు ఇదే.

రాజాం కుర్రోడు:
చేసి చూశాను. 64 వచ్చింది.

పాలకొండ మేష్టారు:
341 కూడా చెయ్ బాబూ. 1024కి శేషం 1, అంచేత 2 పవర్ 340కీ 1. మరి 341 అంటే 11 × 31. ఇలా మోసపోయే పరీక్షనా పిల్లలకి చెప్పేది?

బొబ్బిలి లెక్కలు:
1 వస్తే ప్రధానం అని నేననలేదు. 1 రాకపోతే కాదన్నాను. పైన మళ్ళీ చదవండి. పలాస జీడిపిక్కల బస్తా తూకం తగ్గితే లోపల పుచ్చుందని తెలిసిపోద్ది. ఏ పిక్కో తెలియక్కర్లేదు.

నాగావళి ఒడ్డు:
అడిగింది 67 గురించి. ఇద్దరూ 341 పట్టుకు కూచున్నారు.

పాలకొండ మేష్టారు:
జీడిపిక్కల మాట నా దగ్గర ఎత్తకండి. నేను పుట్టింది ఉద్దానంలో. మా నాన్న బస్తాలు తీసుకెళ్తే ఒక వ్యాపారి ఏటా పుచ్చు పేరు చెప్పి డబ్బు కోసేవాడు. ఏ పిక్కో చూపించమంటే "తూకమే చెప్తోంది కదా" అనేవాడు. కాటా దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాడు కాదు. చూపించక్కర్లేదు, తేలిపోయింది అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుద్ది. లూకాస్ అయినా ఎవరైనా అంతే.

బొబ్బిలి లెక్కలు:
ఆ పోలిక తెచ్చినందుకు క్షమించండి మేష్టారూ. ఇప్పుడర్థమైంది, మీ గొడవ కారణాంకంతో కాదు, కాటాతో. ఈ కాటా అందరి ముందే ఉంది. లూకాస్ దారినే 1930లో లేమర్ సులువు చేశాడు: 4తో మొదలెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం పట్టుకోవాలి, ఆ శేషంతో మళ్ళీ అదే చెయ్యాలి. 67కి ఇలా 65 సార్లు. చివర సున్నా రాకపోతే ప్రధానం కాదు. 2 పవర్ 11లో ఒకటి తీసేస్తే వచ్చే 2047కి మీరే చెయ్యండి, 9 సార్లే. ఇంకోటి. 2 పవర్ 1048576కి ఒకటి కలపండి. అది ఇరవయ్యో ఫెర్మా సంఖ్య, సంయుక్తమని 1980ల్లోనే తేలింది. ఒక్క కారణాంకమూ ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. మీ లెక్కన దాన్నేటనాలి?

పాలకొండ మేష్టారు:
2047 చేశాను. 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. మధ్యలో ఒకసారి తప్పు పోతే మళ్ళీ మొదట్నించీ చేశాను. సున్నా రాలేదు. ఇది నా చేత్తో నేను తూసింది, ఒప్పుకుంటాను. సోమవారం ఆ అమ్మాయికి లూకాసేనని చెప్తాను. కానీ కోల్ గుణకారం కూడా బోర్డు మీద వేయిస్తాను, అది మాత్రం ఒదులుకోను.

రాజాం కుర్రోడు:
ఆ ఇరవయ్యో దాంట్లో ఎన్ని అంకెలు?

బొబ్బిలి లెక్కలు:
3,15,653.