1970ల ప్యూజో పీఎక్స్-10 సైకిల్‌కి షిమానో డెరైలర్: మర కొట్టించాలా, వద్దా?

ఒహాయో_తెలుగోడు: ఇక్కడ గరాజ్ సేల్‌లో పాత ప్యూజో పీఎక్స్-10 రేసు సైకిల్ దొరికింది. రెనాల్డ్స్ 531 ఫ్రేము, స్ట్రాంగ్‌లైట్ క్రాంకు, మఫాక్ బ్రేకులు బాగానే ఉన్నాయి. వెనక గేరు మార్చే సింప్లెక్స్ ప్రెస్టీజ్ డెరైలర్ మాత్రం పగిలింది, డెల్రిన్ ప్లాస్టిక్ కదా. షిమానోది పెడదామంటే డ్రాపౌట్ (వెనక చక్రం ఇరుసు కూర్చునే ఫ్రేము కొస) చిల్లుకి మరే (థ్రెడ్) లేదు. 10 మి.మీ. ట్యాప్ వేయించి (అంటే మర కోయించి), డెరైలర్ ఆనుకునే స్టాప్ కోసం కాస్త ఆకురాయి పెట్టాలట. వేయించనా? రోజూ ఆఫీసుకి తొక్కాలి.

డిజోన్_దాసు: వద్దు తమ్ముడూ. బెల్జియం రేసు వీరుడు ఎడ్డీ మెర్క్స్ 1966, 67లో తొక్కింది ప్యూజో జట్టుకే. ఆ చిల్లులో ఒకసారి మర పడిందా, ఇక సింప్లెక్స్ బండి కాదది.

బెజవాడ_పెడల్: మెర్క్స్ ఒహాయోలో ఆఫీసుకి వెళ్లాడా?

చక్రం_బాబాయ్: అసలు ఫ్రీవీల్ (వెనక హబ్ మీద మరతో బిగించే పళ్లచక్రాల గుత్తి) సంగతి ఎవరూ అడగరేం? ఫ్రెంచ్ హబ్ మర 34.7 మి.మీ., పిచ్ 1 మి.మీ. ఇంగ్లిష్ ఫ్రీవీల్ 34.8, అంగుళానికి 24 మరలు. బలవంతంగా తిప్పితే హబ్ మర పోతుంది. ముందు హబ్ కొలవండి.

ఒహాయో_తెలుగోడు: బాబాయ్ గారూ, ఫ్రీవీల్ బాగుంది. మార్చట్లేదు.

చక్రం_బాబాయ్: ఇవాళ బాగుంది. పళ్లు అరిగాక?

బెజవాడ_పెడల్: తమ్ముడూ, ట్యాప్ వేయించెయ్. నీవి ఫ్రిక్షన్ లివర్లు, క్లిక్కుల గొడవే లేదు. ఏ కంపెనీ డెరైలరైనా లివర్ లాగినంత కదులుతుంది. వెనక ఫోర్కు వెడల్పు 120 మి.మీ.లో అయిదు గేర్లు ఎలాగూ ఉన్నాయి. షిమానో సాదాది పెట్టు, చైన్ సరిచూసుకో, తొక్కు.

డిజోన్_దాసు: సాదాది పెట్టు, తొక్కు! ఎంత తేలిగ్గా చెప్పావయ్యా. నా జిటాన్ సైకిల్‌ని ఒక షాపులో ఇస్తే అడక్కుండానే మర కొట్టేశాడు, అదీ వంకరగా. డెరైలర్ కింది జాకీ చక్రం లోపలికి వాలి, చైన్ పెద్ద పళ్లచక్రం మీదికి వేసినప్పుడల్లా స్పోకులకి టకటకా కొట్టుకునేది. అడిగితే “పాత సామానుకి ఇంతే సార్” అన్నాడు. దాన్ని పూడ్చి మళ్లీ సింప్లెక్స్ చిల్లు చేసేవాణ్ని నువ్వు చూపిస్తావా?

బెజవాడ_పెడల్: అది చేతకాని మెకానిక్ తప్పు, మర తప్పు కాదు. డెరైలర్ తగిలించే చోటు వంకర కొలిచే హ్యాంగర్ గేజ్ పెట్టి చూస్తే వంకర అప్పుడే దొరికేది.

నల్లకుంట_రైడర్: పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

చక్రం_బాబాయ్: హబ్ కొలిచారా?

బెజవాడ_పెడల్: దాసు గారూ, ఒక్కటి అడుగుతా. సింప్లెక్స్ కంపెనీదే లోహపు డెరైలర్ ఎస్‌ఎల్‌జే పెడితే చిల్లు ముట్టుకోనక్కర్లేదని మీకు తెలుసు. తమ్ముడికి ఆ మాట ఎందుకు చెప్పలేదు? నేను చెప్పనా? దొరకదు కాబట్టి. మీలాంటోళ్లు ఒక్కొక్కరు అర డజను కొని డబ్బాల్లో దాస్తారు. ఉన్నదాని ధర ఆకాశానికి ఎక్కిస్తారు. తొక్కేవాడు గతిలేక షిమానో కొంటే, వాడికి చరిత్ర పాఠం చెబుతారు. నాకు కోపం మర మీద కాదు, ఈ దాపరికం మీద!

డిజోన్_దాసు: దాచకపోతే మీరు మిగిల్చేవారా? విరిగిందని పారేసేవాళ్ల చెత్తలోంచే నేను ఏరుకున్నాను. నా డబ్బు, నా డబ్బా.

నల్లకుంట_రైడర్: అంటే ఉన్నాయన్నమాట 😀

ఒహాయో_తెలుగోడు: దాసు అన్నా, ఎస్‌ఎల్‌జే ఒకటి ఇస్తారా? ధర చెప్పండి.

డిజోన్_దాసు: ఇస్తాను. డ్రాపౌట్ ఫొటో ముందు పెట్టు. మర కొట్టించనని ఇక్కడ అందరి ముందూ రాయాలి.

ఒహాయో_తెలుగోడు: ముందు ధర అన్నా. షిమానోది నాకు పాతిక డాలర్లకి వస్తోంది.

బెజవాడ_పెడల్: మెసేజ్‌లో కాదు, ఇక్కడే చెప్పండి దాసు గారూ.