కీళ్లవాతం ఉండగా బరువు తగ్గే ఆపరేషన్ చేయించవచ్చా?

నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్ (కీళ్లవాతాన్ని అదుపు చేసే మందు), మర్నాడు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటుంది. వాపులు తిరగబెట్టినప్పుడల్లా స్టెరాయిడ్ తప్పట్లేదు, దాంతో ఆకలీ బరువూ పెరిగాయి. బీఎమ్‌ఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 38. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి గ్లాసు కూడా పట్టుకోలేదు. నడవమంటారు అందరూ, ఆ మోకాళ్లతో ఎలా నడుస్తుందండీ?

రాజమండ్రిలో సర్జన్ గారు స్లీవ్ (పొట్టలో చాలా భాగం కోసి తీసేయడం) గానీ బైపాస్ (పొట్టని చిన్న సంచిలా చేసి పేగుకి కలపడం) గానీ చేయొచ్చన్నారు. బైపాస్ అయితే లోపల పుండ్లు పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు ఇక వాడకూడదట. అమ్మకి రోజు గడిచేదే వాటి మీద. నా భయమంతా అక్కడే.

కీళ్లవాతం ఉండి ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. స్లీవా, బైపాసా? తర్వాత నొప్పికి ఏం వాడుతున్నారు? మెథోట్రెక్సేట్ ఆపమన్నారా, కొనసాగించమన్నారా? రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) గారిని అడగాల్సినవి రాసుకుంటున్నాను. ఇంకొకటి, పూటపూటా అన్నం తినే ఇల్లు మాది. ఆపరేషన్ తర్వాత గుడ్డు, చేప, పప్పు ముందు తిని అన్నం బాగా తగ్గించాలంటున్నారు. మొదటి నెలల్లో మీ ఇంట్లో ఎలా నెట్టుకొచ్చారు?